తంగేడు మన ఒండ్రు నేలలో బతకాలంటే

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పసుపుపచ్చ పూల మొక్కల గురించే ఉన్నాయి. ఆనపపాదు గురించి, గులాబీ అంట్ల గురించి అడిగినవాళ్లకి వచ్చే నెల చెబుతాను. ఈసారికి తంగేడు, దాని తోటి మొక్కల ముచ్చటే.

ప్రశ్న: టీచర్ గారూ, మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. హైదరాబాద్‌లో ఉండే మా అమ్మాయి బతుకమ్మ పండక్కి తంగేడు పూలు పేర్చడం చూసి వచ్చి, మన పెరట్లో కూడా వేద్దాం, తుమ్మెదలూ సీతాకోకచిలుకలూ వస్తాయి అంది. రాజానగరం వైపు వెళ్లినప్పుడు రోడ్డు పక్క మొక్కలు పీక్కొచ్చి నాటాం. రెండుసార్లూ చచ్చిపోయాయి. మా నేలలో తంగేడు రాదా అండీ?
— ఒక గృహిణి, అంబాజీపేట

జవాబు: వస్తుందమ్మా. నాకు మూడోసారికి వచ్చింది కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

మొదటిసారి నేనూ మీలాగే చేశాను. ద్వారకా తిరుమల వెళ్లి వస్తూ దారి పక్కన మోకాలెత్తు మొక్కని గునపంతో తవ్వి, తడి గోనె చుట్టి తెచ్చుకున్నాను. నాలుగో రోజుకి వాడిపోయింది. పీకి చూస్తే తల్లివేరు జానెడు కూడా లేదు, మిగతాది అక్కడే తెగిపోయింది. తంగేడు మెట్ట మొక్క. ఎర్రనేలలో నీళ్ల కోసం వేరుని సూటిగా లోపలికి దింపుకుంటుంది. ఎదిగిన మొక్కని తవ్వితే ఆ వేరు మనతో రాదు. ఇక రోడ్డు పక్క మొక్కల జోలికి వెళ్లకండి. వాటిని అక్కడే ఉండనిస్తే అక్కడి తుమ్మెదలకైనా తిండి దొరుకుతుంది.

రెండోసారి గింజ వేసి పెంచాను. నడుమెత్తు వచ్చింది. ఆ శ్రావణంలో ముసురు పట్టి మూడు రోజులు పెరట్లో మడమ మునిగేంత నీళ్లు నిలిచాయి. నీళ్లు పోయాక వారానికి ఆకులు పాలిపోయి రాలడం మొదలుపెట్టాయి. కాండం మొదలు దగ్గర బెరడు గోటితో గీరితే లోపల తెల్లగా ఉండాల్సింది గోధుమ రంగులో ఉంది, కుళ్లు వాసన కూడా వచ్చింది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి కాలువలు పారినప్పటి నుంచీ మనది వరి సీమ. కాలువలో నీళ్లున్నన్నాళ్లూ నూతిలో నీరు చేతికందేంత పైకి ఉంటుంది. వరికి అది వరం, తంగేడుకి మాత్రం వేరు నీళ్లలో నానబెట్టినట్టే. మీ మొక్కలు చచ్చింది మీ చేతి వల్ల కాదమ్మా, తెగిన తల్లివేరు వల్ల, నేల తడి వల్ల.

మూడోసారి దిబ్బ కట్టాను. పాత వంటపాక పడగొట్టినప్పటి ఇటుక ముక్కలు అడుగున జానెడు మందం పరిచాను. దాని మీద ఇసుక రెండు వంతులు, పెరటి మట్టి ఒక వంతు కలిపి పోశాను. మొత్తం ఎత్తు మోకాలి దాకా, వెడల్పు బారెడు. పశువుల ఎరువు ఒక్క గంపే వేశాను. మన కోనసీమలో ఏ మొక్క నాటినా గోతిలో కొబ్బరి పీచు, డొక్కలు వేసే అలవాటుంది కదా, ఇక్కడ మాత్రం వద్దు. పీచు నీళ్లు పట్టి ఉంచుతుంది, మనకి కావలసింది నీళ్లు జారిపోవడం. ఇంకోటి, కొబ్బరిచెట్ల నీడ పడని చోటు చూడండి. తంగేడుకి రోజులో కనీసం ఆరు గంటలు నిండు ఎండ తగలాలి. నీడలో మొక్క బతుకుతుంది కానీ సాగిపోయి పూలు పూయదు.

గింజల సంగతి. సంక్రాంతి దాటాక మెట్ట వైపు ఎవరైనా వెళ్తే ఎండిన కాయలు తెమ్మనండి. కాగితంలా పలచగా, బల్లపరుపుగా, గోధుమ రంగులో ఉంటాయి. వలిచి, కన్నం ఉన్న గింజలన్నీ పారేయండి, వాటిని లోపల పురుగు తినేసి ఉంటుంది. మిగిలినవాటి పైతొక్క చాలా గట్టి. ఊరికే మట్టిలో వేస్తే నెలల తరబడి అలాగే పడుంటాయి. గిన్నెలో నీళ్లు మరగబెట్టి, పొయ్యి మీంచి దింపి, అందులో గింజలు వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నకి ఉబ్బినవి నాటడానికి సిద్ధం. ఉబ్బనివాటిని ఒక్కొక్కటీ గచ్చు మీద ఒక పక్క కాస్త రుద్ది మళ్లీ నానబెట్టండి.

తొలకరికి నాటుదాం అనుకోకండి. మాఘ ఫాల్గుణాల్లో, అంటే ఫిబ్రవరి, మార్చిలో వేయండి. కాలువలు కట్టేసే నాటికి మొక్క లేస్తుంది. ఎండాకాలమంతా మూడు రోజులకో చెంబు నీళ్లు పోస్తే చాలు, వానలొచ్చేసరికి వేరు దిగి ఉంటుంది. నేరుగా దిబ్బ మీదే గింజ వేయడం మేలు. సంచిలో వేస్తే పొడవాటి సంచి వాడండి, నెల తిరక్కుండానే మట్టిగడ్డ చెదరకుండా దింపేయండి. పూలు రెండో ఏడు. మా దిబ్బ మీది మొక్క రెండో ఏడు దసరా ముందు పూసింది. పొద్దున్నే వాకిట్లో కళ్లాపి చల్లుతూ చూసి చీపురు అక్కడే వదిలేసి వెళ్లాను.

మీ అమ్మాయి తుమ్మెదలు వస్తాయంది చూశారూ, అది నూటికి నూరుపాళ్లూ నిజం. తంగేడు పువ్వులో తేనె ఉండదు. తేనె లేని పువ్వు దగ్గరకి తుమ్మెద వచ్చేది పుప్పొడి కోసం, పిల్లల్ని పెంచుకోవడానికి. ఆ పుప్పొడి కూడా అన్ని పూలలోలా బయటికి కనిపించదు. పువ్వులో పది కేసరాలుంటాయి. పైన ఉన్న మూడూ చిన్నవి, ఉత్తవి. కింద మూడు పొడవుగా, కొడవళ్లలా వంగి ఉంటాయి. వాటి పుప్పొడి తిత్తులు మూసే ఉంటాయి, కొసన సూదిమొనంత కన్నం ఉంటుందంతే.

హైస్కూల్లో సైన్సు చెప్పే రోజుల్లో ఒకసారి పిల్లల్ని వరండాలో కూర్చోబెట్టి, అప్పుడే కోసిన తంగేడు పువ్వు కింద నల్ల కాగితం పట్టాను. పువ్వుని ఊపాను, వేలితో తట్టాను. ఏమీ రాలలేదు. ధ్వని పాఠానికి వాడే శృతిదండాన్ని రబ్బరు బిళ్ల మీద కొట్టి, మోగుతుండగా దాని కొసని పొడవాటి కేసరానికి ఆనించాను. కన్నంలోంచి పసుపు పొగలా చిమ్మి కాగితం మీద సన్నటి మరక పడింది. పిల్లలు ఒకరి మీద ఒకరు పడి చూశారు. తుమ్మెద చేసేది అదే పని. పువ్వుని కాళ్లతో గట్టిగా పట్టుకుని, రెక్కలు కదపకుండా ఒళ్లు మాత్రం అదురుస్తుంది. మీ మొక్క పూసినప్పుడు దగ్గర నిలబడి వినండి. ఎగిరేటప్పుడు బరువైన ఝుమ్మనే మోత, పువ్వు మీద వాలగానే అరక్షణం మౌనం, ఆ వెంటనే ఇంకా పై శ్రుతిలో జివ్వుమనే చప్పుడు. ఆ రెండో చప్పుడు వినిపించినప్పుడల్లా పుప్పొడి రాలుతోందన్న మాట. తేనెటీగకి ఈ విద్య రాదు. అది వచ్చి, తుమ్మెద వెళ్లాక రేకుల మీద మిగిలింది ఏరుకుంటుంది.

వంగ, టమాటా పూలూ ఇలాంటివే, వాటి తిత్తులకీ కొసనే కన్నం. గాలికి ఊగి కొంత రాలుతుంది, కాయ పడుతుంది. తుమ్మెద వచ్చి అదిరిస్తే కాపు మెరుగ్గా ఉంటుంది. అందుకే మా దిబ్బకి నాలుగు బారల దూరంలో వంగమడి పెట్టాను. మీరూ అలాగే చేయండి.

ప్రశ్న: మేడమ్, భీమవరంలో అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు. బాల్కనీలో కుండీలకే చోటు. తంగేడు కుండీలో వస్తుందా?
— ఒక ఉద్యోగిని

జవాబు: పెద్ద డ్రమ్ములో వస్తుంది కానీ మీకు నేను ముద్రబెండ చెబుతాను. తుత్తురుబెండ అని కూడా అంటారు. మన పుంతల పక్కన, గట్ల మీద దానంతటదే మొలిచే మొక్క. గుండె ఆకారపు ఆకులు, ముట్టుకుంటే మెత్తటి నూగు. కాయ చిన్న పళ్లచక్రంలా ఉంటుంది. చిన్నప్పుడు దాన్ని సిరాలో ముంచి నోటుపుస్తకాల నిండా ముద్రలు వేసేవాళ్లం, పేరు అందుకే. నారింజ కలిసిన పసుపు పువ్వు మధ్యాహ్నం దాటాక విచ్చుకుంటుంది, ఆఫీసు నుంచి వచ్చేసరికి మీకు కనిపిస్తుంది. ఇందులో తేనె ఉంటుంది కాబట్టి చిన్న ఈగలూ సీతాకోకచిలుకలూ కూడా వస్తాయి. పన్నెండు అంగుళాల కుండీ చాలు. దీనికి పిండినల్లి త్వరగా పడుతుంది, పక్కనే బెండ కుండీ ఉంటే దానికీ ఎక్కుతుంది. రెండిటినీ చెరో చివర పెట్టండి.

ప్రశ్న: అమ్మా, మా పెంకుటింటి వెదురు వాసాలకి నల్ల తుమ్మెదలు గుండ్రటి కన్నాలు పెడుతున్నాయి. మనవడికి మూడేళ్లు. ఒకటైతే వాడి మొహం ముందుకొచ్చి గాల్లో నిలబడిపోయింది. కుడుతుందేమోనని ఒకటే టెన్షన్. కన్నాల్లో కిరోసిన్ పోసి మూసేద్దామంటున్నారు మావారు. అలా చేయొచ్చా?
— ఒక అమ్మమ్మ, పాలకొల్లు

జవాబు: వద్దండీ, దయచేసి ఆ పని చేయించకండి. మొహం ముందుకొచ్చి గాల్లో నిలబడేది మగ తుమ్మెద. తన చోటుకి ఎవరొచ్చారో చూసుకుంటుందంతే, దానికి కొండి లేదు. ఆడదానికి ఉంది కానీ పట్టుకుని నలిపితే తప్ప కుట్టదు. తేనెపట్టులా గుంపుగా మీద పడే జాతి కాదు, ఏ తల్లి గూడు ఆ తల్లిదే. మనవడికి ఒక్కటే నేర్పండి, చూడు కానీ చేత్తో పట్టుకోకు అని. ఎవరినైనా కుట్టి, ఒళ్లంతా దద్దుర్లు వచ్చినా, ఊపిరాడకపోయినా మాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ఏ తేనెటీగ కుట్టినా అంతే.

ఆ కన్నం లోపల ఏముంటుందో చెబుతాను. మా పందిరి మార్చినప్పుడు విరిగిన వెదురు ముక్క ఒకటి నిలువునా చీలింది. లోపల వరుసగా గదులు. ప్రతి గదిలోనూ పుప్పొడి, తేనె కలిపి ముద్ద చేసిన పసుపు ఉండ, దాని మీద ఒక్కటంటే ఒక్కటే పొడవాటి తెల్ల గుడ్డు. గదికీ గదికీ మధ్య రంపపు పొట్టు అతికించి కట్టిన గోడ. ఎంత శుభ్రంగా ఉందో చెప్పలేను. తుమ్మెద కర్రని తినదు, పిల్లల కోసం తొలుస్తుంది. ఒక్కో బిడ్డకి ఒక్కో ఉండ చేయడానికి ఎన్ని పూలు తిరగాలో ఆలోచించండి. ఆ చీలికని మళ్లీ మూసి, పురికొసతో కట్టి చూరు కింద పెట్టాను. తర్వాత అందులోంచి ఎన్ని బయటికొచ్చాయో నేను చూడలేదు.

మీ వాసాలు కాపాడుకోవాలి, అదీ నిజమే. మూరెడు పొడవున్న ఎండు వెదురు ముక్కలు, ఒకవైపు కణుపు మూసి ఉన్నవి, నాలుగైదు కలిపి కట్టి వానపడని చోట చూరుకి వేలాడదీయండి. గూళ్లు ఖాళీ అయ్యాక వాసాలకి రంగు వేయించండి, రంగు వేసిన కర్రని తుమ్మెద సాధారణంగా ముట్టుకోదు.

ప్రశ్న: మా డాబా పక్కన తంగేడు బాగా వచ్చింది. ఇప్పుడు సన్నటి ఆకుపచ్చ పురుగులు ఆకులన్నీ కొరికేస్తున్నాయి. చీమలు కూడా పట్టాయి. ఏం మందు కొట్టమంటారు?
— ఒక విశ్రాంత ఉద్యోగి, తణుకు

జవాబు: ఏ మందూ వద్దండీ. అవి సీతాకోకచిలుకల పిల్లలు. పాలిపోయిన ఆకుపచ్చ కలిసిన తెల్లవీ, చిన్న పసుపువీ రెండు రకాలు తంగేడు జాతి ఆకుల మీద గుడ్లు పెడతాయి. ఆకు తినకుండా సీతాకోకచిలుక రాదు. రెండు మూడు వారాలు ఓపిక పట్టండి, అవి వెళ్లిపోతాయి, మొక్క మళ్లీ చిగురిస్తుంది. చీమలు ఎందుకొచ్చాయో ఆకుని తిప్పి చూడండి. జంట ఆకుల మధ్య ఈనె మీద చిన్న ముల్లులాంటి బొడిపె ఉంటుంది. అందులోంచి తీపి ఊరుతుంది, చీమలు దానికే వస్తాయి.

పక్కన కూరమడి ఉంటే దానికి కొట్టే మందు గురించి కూడా జాగ్రత్త. ఇమిడాక్లోప్రిడ్ లాంటివి తేనెటీగలకి, తుమ్మెదలకి విషం. పూత మీద ఉన్న మొక్కకి కొట్టకూడదు. వేపనూనె కొట్టాల్సి వచ్చినా పొద్దు గూకాక, తుమ్మెదలు గూటికి చేరాక కొట్టండి.

ప్రశ్న: నర్సరీలో తంగేడు అని మొక్క ఇచ్చారు. పూలు పసుపే కానీ నాకు అనుమానంగా ఉంది. ఎలా గుర్తుపట్టాలి?
— ఒక డిగ్రీ విద్యార్థిని, కాకినాడ

జవాబు: అనుమానం మంచిదే తల్లీ. నాకూ ఒక నర్సరీలో తంగేడని చెప్పి పచ్చగోట్ల అంటగట్టారు. గంటలాంటి పసుపు పువ్వు, అమెరికా ఖండం నుంచి వచ్చింది. డబ్బులు పోయినందుకు కాదు, ఒక ఏడాది పోయినందుకు బాధపడ్డాను.

ఆకు కాడ కొమ్మకి అతుక్కునే చోట చూడు. తంగేడుకి అక్కడ చిన్న చెవి తమ్మెలా గుండ్రటి ఆకు రేక ఒకటి ఉంటుంది, రాలిపోకుండా అలాగే నిలుస్తుంది. శాస్త్రీయ నామం సెన్నా ఆరిక్యులేటాలో ఆరిక్యులేటా అంటే చెవులు గలది అనే. ఆ చెవి ఉంటే తంగేడే. చిట్టాకులు ఎనిమిది నుంచి పన్నెండు జతలు, కొస మొద్దుగా ఉంటుంది.

కసిందని కూడా తంగేడనుకునేవాళ్లున్నారు. కసింద చిట్టాకులు నాలుగైదు జతలే, కొస కోసుగా ఉంటుంది, నలిపితే వెగటు వాసన. కాయ సన్నగా కాస్త వంగి ఉంటుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే కసిందని ఉంచవద్దు, ఆ గింజలు తిన్న పిల్లలకి ప్రాణం మీదకి వచ్చింది మన దేశంలోనే.

ప్రశ్న: మాది ఉప్పలగుప్తం మండలం. పెరడంతా పల్లం. ఆరు నెలలు తడి, ఎండాకాలం ఉప్పు పొంగుతుంది. దిబ్బలు కట్టే ఓపిక లేదు. మాలాంటివాళ్లకి పసుపు పూల మొక్క ఏదీ లేదా?
— ఒక రైతు

జవాబు: మీ చేతిలోనే ఉంది బాబూ. జీలుగ. సార్వా నాట్లకి ముందు చేలో చల్లి, పూత మొదలయ్యే వేళకి కలియదున్నేస్తాం కదా, అందుకే దాని పువ్వు నిండుగా విచ్చుకోవడం మన రైతుల్లో చాలామంది శ్రద్ధగా చూసి ఉండరు. పసుపు రేకు వెనక సన్నటి ముదురు చుక్కలు, ఎవరో కుంచెతో చిలకరించినట్టు. నీళ్లు నిలిస్తే కాండం మొదట్లో బెండులా ఉబ్బి ఊపిరి పీల్చుకుంటుంది. చౌడునీ తట్టుకుంటుంది, చౌడు నేలలు బాగుచేయడానికి వాడేదే అది. పైగా వేరు బుడిపెలు నత్రజని పట్టి నేలకి ఇస్తాయి.

పెరట్లో ఒక మూల, లేదా చేను గట్టున రెండు సాళ్లు దున్నకుండా వదలండి. మనిషెత్తు దాటి పూస్తాయి, తుమ్మెదలు వాటంతటవే కనిపెట్టి వస్తాయి. శీతాకాలంలో నీళ్లు దిగాక కాస్త మెరకగా ఉన్న చోట జనుము చల్లండి. జనుము పువ్వు పెద్దది, నిండు పసుపు. తుమ్మెదలాంటివి వచ్చి వాలకపోతే దానికి గింజ సరిగా పట్టదు కూడా. పశువులకి మేతా అవుతుంది. నిలవ నీరు మాత్రం పడదు.

జీలుగ కాయలు ఎండగానే పగలకముందే కోసేయండి. లేదంటే వచ్చే ఏడు వరిచేలో కలుపై లేచి మీకే పని పెడుతుంది. కోసిన గింజలో గుప్పెడు తాటాకు బుట్టలో దాచి, మిగతాది పక్క రైతుకి ఇవ్వండి. తంగేడు గింజలు కావలసినవాళ్లు సొంత చిరునామా రాసి, స్టాంపు అంటించిన కవరు పత్రిక ఆఫీసుకి పంపితే సంక్రాంతి వెళ్లాక కవరుకి పదిహేను గింజల చొప్పున పంపిస్తాను. ఈ ఏడు మా మొక్క కాయలు బాగానే పట్టింది.